సువార్త పేరు ఎవరికి అడ్డమొచ్చింది?

కారంచేడు పేరెత్తని దళిత సభ మనకి లేదు. కారంచేడు పేరెత్తిన ప్రతివాడూ మున్నంగి సువార్త పేరు చెప్తాడు. 1985 జులై 16న మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర కమ్మ భూస్వాముల కుర్రాళ్ళు గేదెల కుడితి బక్కెట్టు కడుగుతుంటే, ఇదేం పనని అడిగిన మాదిగ పిల్లాడి మీద చర్నాకోల లేచింది. నీళ్ళకొచ్చిన సువార్త చూస్తూ ఊరుకోలేదు. బిందె ఎత్తింది. మర్నాడు పొద్దున్నే గొడ్డళ్ళతో బరిసెలతో పల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు, ఆడవాళ్ళని చెరిచారు. ఆ నెత్తుటి మడుగులోంచే దళిత మహాసభ పుట్టింది.

సభలో ఆ పేరు వినపడితే చప్పట్లు కొడతాం. బాగానే ఉంది. మరి ఆ పేరు మన ఆడపిల్లలకి పెట్టుకుంటున్నామా? పెట్టుకున్నా బడి రిజిస్టర్లో రాయిస్తున్నామా?

మేము పంతుళ్ళం. రిజిస్టర్లు మా చేతుల మీదుగా పోతాయి. మేము పనిచేసిన పల్లె బళ్ళలో పాత అడ్మిషన్ పుస్తకాలు తిరగేస్తే సువార్తలు, దీవెనమ్మలు, కృపమ్మలు, కరుణమ్మలు, మార్తమ్మలు వరసగా కనపడతారు. కొత్త పుస్తకాల్లో వాళ్ళు లేరు. సుజాతలు, సునీతలు, శ్రావణిలు ఉన్నారు. పల్లె అదే, ఇంటిపేర్లు అవే. ఆదివారం చర్చిలో సువార్తా అంటే పలికిన పిల్లే సోమవారం బళ్ళో సుజాతా అంటే పలుకుతుంది. ఆరేళ్ళ పిల్ల మీద ఈ రెండు పేర్ల బరువు పెట్టిందెవరు?

సుజాత అన్న పేరు మీద మాకేం పేచీ లేదు. బుద్ధుడికి పాయసం పెట్టిన తల్లి పేరది. ఇష్టపడి పెట్టుకుంటే సంతోషం. ఎమ్మార్వో ఆఫీసుకి భయపడి పెట్టుకుంటున్నారు, పేచీ అక్కడే.

అసలు సువార్త అన్న పేరు ఎక్కడ్నించొచ్చింది? ‘సు’ అంటే మంచి, ‘వార్త’ అంటే కబురు. బైబిలు కొత్త నిబంధన మొదట గ్రీకులో రాశారు. ఏసు కథ చెప్పే భాగాల్ని వాళ్ళు మంచి కబురు అని అర్థమొచ్చే మాటతో పిలిచారు. తెలుగులో అది సువార్త అయింది. మత్తయి సువార్త, మార్కు సువార్త అని చదువుతుంటాం కదా, అదే. కన్నడంలో సువార్తె, తమిళంలో మలయాళంలో సువిశేషం, హిందీలో సుసమాచార్. సుసమాచార్ అని ఎవరన్నా పిల్లకి పేరు పెట్టుకున్నట్టు మేము వినలేదు. అక్షరం ముట్టుకోనివ్వని జాతి, ఒక పుస్తకంలోని మాట తీసి ఆడబిడ్డకి పేరుగా పెట్టుకుంది. పంచాంగం చూసి ఏ పంతులూ పెట్టలేదు. మన పల్లె పెట్టుకుంది.

అంతకు ముందు మనకి ఎలాంటి పేర్లుండేవి? శూద్రుడి పేరు వింటేనే ఏవగింపు పుట్టాలని మనువు రాసిపెట్టాడు. శూద్రుడికే ఆ గతి పట్టిస్తే ఊరి బయట ఉన్నోళ్ళ సంగతి చెప్పాలా? పుట్టిన బిడ్డ దక్కకపోతే పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసి పెంటమ్మ అన్నాం, విస్తరాకులో పెట్టి తీసి పుల్లమ్మ అన్నాం. (ఆ పేర్లు పెట్టిన తల్లుల్ని మేము ఒక్క మాట అనం. బిడ్డ బతకాలని పెట్టారు.) ఉన్న పేరునైనా ఊళ్ళోవాళ్ళు సక్రమంగా పలికారా? పోలయ్యని పోలిగా అన్నారు, సుబ్బమ్మని సుబ్బీ అన్నారు. సువార్తని ఏమంటారు? ఎంత నమిలినా కురచ కాదు ఆ పేరు. కామందు అయినా నోరు తిప్పుకుని పూర్తిగా పలకాల్సిందే.

గోధుమపిండికి, పాలపొడికి మతం మారారని మనల్ని ఎకసెక్కాలాడే వాళ్ళు ఒంగోలు చరిత్ర చదువుకోవాలి. అక్కడ మాదిగల్లో మొదట క్రీస్తుని నమ్మినవాడు తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారి. దొర వచ్చి చెయ్యిపట్టి లాక్కుపోయిన మనిషి కాదు. తనే వెతుక్కుంటూ పోయాడు, తిరిగొచ్చి పల్లె పల్లెకీ తనే చెప్పాడు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకి పని ఇచ్చాడు. కూటికోసం మారారన్న మాట రాకూడదని పదిహేను నెలల పాటు బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి పోస్తే వచ్చేవాళ్ళయితే గంజి పోసిన రోజుల్లోనే వచ్చేవాళ్ళు కదా! మనిషిగా చూస్తారని వచ్చారు. ఆ రాక తోటే బడి వచ్చింది, పలక వచ్చింది, పిల్లలకి మంచి మాటలు పేర్లుగా వచ్చాయి.

మరి ఇప్పుడు ఆ పేరు ఎందుకు దాచుకుంటున్నాం? 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా చూడండి. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాదంటుంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని లోపలికి తీసుకున్నారు. క్రైస్తవుణ్ణి, ముస్లింని ఈ రోజుకీ బయటే నిలబెట్టారు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవుణ్ణి తీసుకెళ్ళి బీసీ-సీలో పడేశారు. దానికి నూటికి ఒక్క సీటు. పల్లె మారలేదు, చాకిరి మారలేదు, ఊరిబావి దగ్గర దూరం మారలేదు. కాగితం మీద కులం మాత్రం మాయమైపోయింది!

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో క్రైస్తవ రెడ్లు లేరా? జోజిరెడ్డి, ఇన్నారెడ్డి అని పేర్లు పెట్టుకోలేదా? ఏసుని మొక్కినా రెడ్డి రెడ్డిగానే ఉంటాడు. పెళ్ళిళ్ళలో కులం పోదు, పొలంలో పోదు, ఎన్నికల్లో అసలే పోదు. బాప్తిస్మపు నీళ్ళు తగలగానే కులం కడుక్కుపోయేది మాలకీ మాదిగకేనా? ఇవేం నీళ్ళయ్యా!

కారంచేడులో చచ్చిపోయిన వాళ్ళ పేర్లు చూడండి. మోషే ఉన్నాడు, అబ్రహాం ఉన్నాడు. గొడ్డలి పట్టుకొచ్చినోడు నువ్వు హిందువ్వా, క్రైస్తవుడివా అని అడిగాడా? మాదిగోడు అని నరికాడు. అదే 1985 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో మద్రాసు నుంచి వచ్చిన ఒక కేసు తేలింది. చెప్పులు కుట్టుకునే ఆది ద్రావిడుడు. తన కులం చెప్పులు కుట్టేవాళ్ళకి ప్రభుత్వం ఉచితంగా బంకులిస్తుంటే, క్రైస్తవుడివని తనకివ్వలేదని పోయాడు. మతం మారాక కూడా అదే వెనకబాటు అంతే తీవ్రంగా ఉందని రుజువు చూపించలేదని కొట్టేశారు. కారంచేడు జరిగి అప్పటికి రెండున్నర నెలలు. ఇంతకన్నా ఏం రుజువు కావాలో మాకర్థం కాదు.

ఇంకా ముందుది గుంటూరు మెడికల్ కాలేజీ కేసు. మాదిగ నుంచి క్రైస్తవులైన తల్లిదండ్రులకి పుట్టిన కుర్రాడు 1973లో హిందువుగా మారి ఎస్సీ సీటుకి పోయాడు. సీటిచ్చి రద్దు చేశారు. 1976లో సుప్రీంకోర్టు, కులంవాళ్ళు ఒప్పుకుంటే మళ్ళీ కులంలోకి వచ్చినట్టే అంది. అంటే డాక్టరీ చదవడానికి మాదిగ పిల్లాడు ముందు శుద్ధి చేయించుకోవాలన్నమాట. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక మహిళ కేసులో, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగానికి మోసం అన్నారు. 2025లో మన హైకోర్టు, మా మీద కులం పేరుతో దాడి చేశారని ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసుని, నువ్వు క్రైస్తవుడివి కాబట్టి నీకా చట్టం లేదని కొట్టేసింది. తిట్టినోడికి కులం గుర్తుంది, కోర్టుకి గుర్తులేదు.

అయినా ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. ఆ మూడో పేరా మతం గురించి మాట్లాడింది, పేరు గురించి కాదు. సువార్త అన్నది అచ్చంగా తెలుగులో వాడుకునే మాట. సుమతిలో సు హిందువు, సుశీలలో సు హిందువు, సువార్తలో సు మాత్రం క్రైస్తవమా? పేరు చూసి దరఖాస్తు పక్కన పడేసే గుమస్తాకి ఈ హక్కు ఎవడిచ్చాడు? విచారణకని వచ్చి గోడమీద కేలండరు చూసిపోయే వాళ్ళకి, ఆ ఇల్లు ఊరికి ఏ వైపు ఉందో కనపడదా?

పేరు మార్చుకుంటే గొడవ వదిలిపోతుందని మన నాయకులే కొందరు సలహాలిస్తున్నారు. వదలదు. రేషన్ కార్డులో సువార్త, టెన్త్ సర్టిఫికెట్‌లో సుజాత, ఆధార్‌లో ఇంకో అక్షరం. స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. బ్యాంకులో పాస్‌బుక్కు ఇవ్వరు. తల్లి చనిపోతే ఆ సుజాత ఈ సువార్త ఒకరేనని ఆఫీసుల చుట్టూ తిరగాలి. గెజిట్టు, అఫిడవిట్టు, నోటరీ, ప్రతిచోటా డబ్బు. కూలి పోగొట్టుకుని తిరిగేది ఆ తల్లీ ఆ పిల్లే, సలహా ఇచ్చిన నాయకుడు కాదు. తల్లుల్ని మేము తప్పుపట్టడం లేదు. గురుకులంలో సీటు పోతే పిల్ల మిరపకోతకి పోవాలి, అది వాళ్ళకి తెలుసు. పాస్టర్లనే అడుగుతున్నాం. మందిరంలో పేరు పెట్టి దీవించి పంపేస్తారు, సర్టిఫికెట్ దగ్గర ఆ పిల్ల పక్కన నిలబడరేం?

మూడో పేరా తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఓట్లకి వచ్చిన ఎంపీని ఆ తీర్మానం ఏమైందని ప్రతి పల్లెలో నిలదీయాలి. ఊరికే దండలేసి పంపకండి.

పంతుళ్ళుగా ఉన్న మన వాళ్ళకి ఒక మాట. అడ్మిషన్ రోజున తల్లి తడబడితే తొందరపడి పేరు మార్చి రాయకండి. కూర్చోబెట్టి రెండు పేర్ల తిప్పలు ఏంటో చెప్పండి, తర్వాత ఆమె ఏది చెప్తే అది రాయండి. సర్టిఫికెట్‌కి పోయినప్పుడు పేరు చూసి కాదంటే, నోటిమాట విని వెనక్కి రావద్దు. కాదన్న కారణం కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇమ్మనండి. ఒక్కరు పోకండి, పల్లె నుంచి పదిమంది పోండి. ఆ కాగితం నకలు మన పత్రికకి పంపండి, అచ్చేస్తాం. సువార్త అని పేరున్నందుకు నువ్వు మాదిగవి కాదు అని సొంత దస్తూరీతో రాసిచ్చే ఆఫీసరు ఎవడో చూద్దాం.