ఎకరాల్లో తీసుకొని గజాల్లో అమ్ముకుంటారా?

మెట్రో రైలు ఇక పట్నం వాళ్ల సంగతి మాత్రమే కాదు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఫ్యూచర్ సిటీ దాకా దాదాపు 40 కిలోమీటర్ల లైను, జేబీఎస్ నుంచి మేడ్చల్‌కు ఒకటి, శామీర్‌పేటకు ఒకటి వేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదనలు తయారు చేసి కేంద్రానికి పంపింది. 2025 మార్చిలో ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసి, రంగారెడ్డి జిల్లాలోని 7 మండలాల్లో 56 గ్రామాలను దాని కిందికి తెచ్చారు. అంటే రైలు రాకముందే మన పొలాల మీద ప్లాను వచ్చేసింది. స్టేషన్ ఎక్కడ వస్తుందో రైతుకు ఇంకా తెలియదు. రియల్టర్లు మాత్రం బ్రోచర్లు అచ్చేసుకొని తిరుగుతున్నారు.

ఈ సమయంలో మనం ఒక మాట సూటిగా అడగాలి. స్టేషన్ వచ్చాక దాని చుట్టూ భూమికి పెరిగే విలువ ఎవరిది?

రైలుకు మేం వ్యతిరేకం కాదు

మొదట ఒక విషయం తేల్చుకుందాం. రైతు సంఘం అంటే అభివృద్ధికి అడ్డం అని ప్రచారం చేసేవాళ్లున్నారు. మేం రైలు వద్దనడం లేదు. మన పిల్లలు కాలేజీలకు, కంపెనీలకు రోజూ పట్నం పోతున్నారు. బస్సుల్లో వేలాడుతూ పోయే బాధ మనకు తెలిసినంతగా కార్లలో తిరిగేవాళ్లకు తెలియదు.

స్టేషన్ చుట్టూ కింద దుకాణాలు, పైన ఆఫీసులు, ఇళ్లు కట్టి, జనం నడిచి వచ్చి రైలెక్కేలా ఊరును కూర్చడాన్ని ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్, పొట్టిగా టీఓడీ అంటున్నారు. కేంద్రం 2017లో దీని కోసం ఒక విధానం ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో ఆమోదించిన మెట్రో రైలు విధానంలో కూడా టీఓడీ ఉండాలనీ, పెరిగిన భూమి విలువలో కొంత రాబట్టి రైలుకు ఖర్చు పెట్టాలనీ చెప్పింది. సక్రమంగా చేస్తే ఇది మనకూ మంచిదే. పట్నం స్టేషన్ల దగ్గర ఒత్తుగా పెరిగితే, యాభై మైళ్ల దాకా పాకి పచ్చని పొలాలను వెంచర్లుగా మింగే అవసరం తగ్గుతుంది.

మన తగాదా ఆ ఆలోచనతో కాదు. దాన్ని అడ్డం పెట్టుకొని జరిగే భూ వ్యాపారంతో.

4,840 గజాల లెక్క

ఎకరాకు 4,840 గజాలు. ఈ లెక్క పట్వారీ కాలం నుంచి ప్రతి రైతుకూ తెలుసు. ప్రభుత్వం మన దగ్గర భూమి తీసుకునేటప్పుడు ఎకరాల్లో మాట్లాడుతుంది. అమ్మేటప్పుడు గజాల్లో మాట్లాడుతుంది. మోసం అంతా ఆ రెండు మాటల మధ్యే ఉంది.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. ఒక రైతుకు ఎకరాకు 30 లక్షలు ఇచ్చారనుకుందాం. గజానికి పడింది 620 రూపాయలు. రోడ్లకు, పార్కులకు 40 శాతం తీసేసినా 2,904 గజాలు మిగులుతాయి. స్టేషన్ పక్కన గజం 20,000 చొప్పున అమ్మితే 5 కోట్ల 80 లక్షలు. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు ఖర్చు కోటి పోయిందనుకున్నా ఎంత మిగిలిందో మీరే చూడండి. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. మీ ఊరి ధరలు పెట్టి మీరే ఒకసారి చేసి చూసుకోండి.

ఇంత తేడా ఎందుకు వస్తుంది? 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ ధరను గత మూడేళ్ల రిజిస్ట్రేషన్ల ఆధారంగానో, ప్రభుత్వ విలువ ఆధారంగానో, ఏది ఎక్కువైతే అది చూసి కడతారు. గ్రామాల్లో దాన్ని ఒకటి నుంచి రెండు రెట్ల దాకా పెంచి, దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం కలుపుతారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మూలంలో ఉన్నది రైలు రాకముందు ధర. అది కూడా స్టాంపు డ్యూటీకి జడిసి తక్కువ చూపించిన ధర. రైలు వచ్చాక పెరిగే విలువలో రైతుకు పైసా లెక్కలోకి రాదు. అలైన్‌మెంట్ ముందే తెలిసిన పలుకుబడి గల వాళ్లు మాత్రం పక్క సర్వే నంబర్లలో కొని కూర్చుంటారు. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే.

హైదరాబాద్ నేర్పిన పాఠం

ఇది కొత్త కథ కాదు. హైదరాబాద్ మెట్రోలో ఒకసారి మన కళ్ల ముందే జరిగింది.

2008లో మేటాస్ సంస్థ మెట్రో టెండర్ గెలిచింది. ప్రభుత్వం తమకు సాయం చేయక్కర్లేదు, తామే ప్రభుత్వానికి ఎదురు 30,311 కోట్లు ఇస్తామంది. ప్రపంచంలో ఏ మెట్రో అయినా టికెట్ల మీద అంత సంపాదిస్తుందా? ఢిల్లీ మెట్రో కట్టిన ఇ. శ్రీధరన్ అప్పుడే ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. ఇందులో కంపెనీకి భూముల మీద కన్నుందనీ, విలువైన ప్రభుత్వ భూమిని వ్యాపారానికి అప్పజెప్పడం ఇంటి సొత్తు అమ్ముకోవడమేననీ హెచ్చరించారు. ఆయన మాట వినడం మాని ప్రభుత్వం ఆయన మీదే విరుచుకుపడింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. మేటాస్ డబ్బు సమకూర్చలేకపోయింది. ఆ ఏడాదే ఒప్పందం రద్దయింది.

తర్వాత 2010లో ఎల్ అండ్ టీకి ఇచ్చారు. ఈసారి ప్రభుత్వమే 1,458 కోట్ల గ్రాంటు ఇవ్వడానికి ఒప్పుకుంది. దాంతోపాటు డిపోలు, స్టేషన్ల దగ్గర 269 ఎకరాల్లో 1 కోటి 85 లక్షల చదరపు అడుగుల నిర్మాణం చేసుకునే హక్కు కూడా ఇచ్చింది. పంజాగుట్టలో, ఎర్రమంజిల్‌లో, హైటెక్ సిటీలో, మూసారాంబాగ్‌లో మాల్స్ లేచాయి. అయినా నష్టాలు, అప్పులు అంటూ వచ్చారు. 2025 మేలో టికెట్ ఛార్జీలు పెంచారు. గరిష్ఠ ఛార్జీ 60 రూపాయలు ఉండేది, తగ్గింపు ఇచ్చామన్నాక కూడా 69 అయింది. అదే ఏడాది సెప్టెంబరులో కంపెనీ తప్పుకోవడానికి, సుమారు 13,000 కోట్ల అప్పును తన నెత్తికెత్తుకోవడానికి, పైగా దాదాపు 2,000 కోట్లు ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం అంగీకరించింది.

ఇందులో మన పాఠం ఏమిటి? భూమి ప్రైవేటు చేతికి ఇస్తే రైలు దానంతటదే నడుస్తుందన్నది ఉత్త మాట. లాభం వచ్చే రోజుల్లో భూమి కంపెనీది, నష్టం వచ్చిన రోజు అప్పు ప్రజలది.

మరో రెండు సంగతులు గుర్తు చేసుకుందాం. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డుకు ఎందరో రైతులు పొలాలిచ్చారు. 2023లో ఆ రోడ్డును 30 ఏళ్లకు 7,380 కోట్లకు లీజుకిచ్చారు. ఆ సొమ్ములో భూమి ఇచ్చిన రైతుకు హక్కు కల్పించే చట్టం లేదు. ఇక మెట్రో చివరి స్టేషన్ ఉన్న రాయదుర్గంలో 2025 అక్టోబరులో ప్రభుత్వ భూమి వేలం వేస్తే ఎకరా 177 కోట్లు పలికింది. రోడ్డు, రైలు, ఐటీ ఆఫీసులు కలిసి భూమిని ఎక్కడికి తీసుకుపోతాయో దీన్ని బట్టి తెలుస్తుంది. ఈ సంగతి తెలిసిన ప్రభుత్వం మన దగ్గరికి వచ్చి మాత్రం రిజిస్ట్రేషన్ విలువ చూపిస్తుంది.

చట్టంలో ఉన్నది కూడా ఇవ్వరు

2013 చట్టంలో మనకు పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. అవి ప్రతి గ్రామ కమిటీకి తెలియాలి.

పట్టణీకరణ కోసం భూమి తీసుకుంటే, అభివృద్ధి చేసిన భూమిలో 20 శాతం భూములు పోయిన కుటుంబాలకు ఇవ్వజూపాలని రెండో షెడ్యూలు చెబుతోంది. కానీ ఊరికే కాదు. సేకరణ ధర, అభివృద్ధి ఖర్చు కలిపి రైతే కట్టాలి, లేదా పరిహారంలో కోత పెడతారు.

102వ సెక్షన్ ఇంకో మాట చెబుతోంది. సేకరించిన భూమిని ఏ అభివృద్ధీ చేయకుండా ఐదేళ్లలోపు ఇంకొకరికి ఎక్కువ ధరకు అమ్మితే, పెరిగిన విలువలో 40 శాతం అసలు యజమానులకు పంచాలి. పెరిగిన విలువలో రైతుకు వాటా ఉందని పార్లమెంటే ఒప్పుకున్నదన్న మాట. కాకపోతే నాలుగు రోడ్లు వేసి, కరెంటు స్తంభాలు పాతి, ఇది అభివృద్ధి చేసిన భూమి అని తప్పించుకునే దారి అందులోనే ఉంది.

ఒక పని కోసమని తీసుకున్న భూమిని ఇంకో పనికి మళ్లించడాన్ని 99వ సెక్షన్ కట్టడి చేసింది. ఫార్మా సిటీ పేరుతో భూములు పోగొట్టుకున్న యాచారం, కందుకూరు రైతులు ఈ సెక్షన్‌ను గట్టిగా పట్టుకోవాలి. మందుల కంపెనీలకని తీసుకున్న ప్రాంతంలోనే ఇప్పుడు ఫ్యూచర్ సిటీ అంటున్నారు. అవసరం మారితే అడిగే హక్కు రైతుకుంది.

ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టులకు 70 శాతం, ప్రైవేటు కంపెనీలకు 80 శాతం కుటుంబాల సమ్మతి కావాలని కూడా చట్టంలో ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో సవరణ తెచ్చి, మౌలిక వసతుల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే అధికారం చేతిలో పెట్టుకుంది. పార్టీలు మారినా ఆ అధికారాన్ని వదులుకుంటామని ఎవరూ అనడం లేదు.

పట్టా లేనివాళ్ల మాటేమిటి?

భూమి మాట వస్తే పట్టాదారు గురించే మాట్లాడుకుంటాం. ఆ పొలంలో కౌలుకు చేసేవాడు, నాట్లేసే అక్కలు, గొర్లు మేపుకునేవాడు, బర్రెలు పెట్టుకొని పాలు పోసి బతికే ఆడవాళ్లు ఏమైపోవాలి? మూడేళ్లుగా అక్కడ పని మీద బతుకుతున్న కౌలుదారులు, కూలీల కుటుంబాలు కూడా నష్టపోయిన కుటుంబాలేనని అదే చట్టం అంటోంది. గుర్తింపు కార్డు, రాతకోత లేక వాళ్ల పేర్లు జాబితాలకు ఎక్కవు. అసైన్డ్ భూమి రైతుకు పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తీర్పు చెప్పింది. అయినా అసైన్డ్ అనగానే అధికారుల గొంతు మారుతుంది.

డబ్బెక్కడిది అంటారా?

భూమి మీద రాబడి లేకుంటే రైలుకు డబ్బెక్కడిది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మేమూ అదే చెబుతున్నాం. భూమి రాబడి రైలుకే రావాలి, కాబట్టే భూమిని అమ్మకూడదు. ఒకసారి వేలం వేస్తే ఒకసారే డబ్బు. లీజుకిస్తే తరతరాలకూ అద్దె. హాంకాంగ్‌లో రైలు సంస్థ స్టేషన్ల మీద భవనాలు కట్టించి ఆ రాబడితో రైళ్లు నడుపుతోంది. ఆ సంస్థలో దాదాపు మూడొంతులు వాటా ప్రభుత్వానిదే. మనవాళ్లు అక్కడి మాల్స్‌ను చూసి వచ్చారు, ఆ వాటాను చూడలేదు.

రైతులకు వ్యాపారం చేతకాదనే వాళ్లకూ జవాబుంది. పుణె దగ్గర మగర్‌పట్టాలో వంద పైచిలుకు రైతు కుటుంబాలు 400 ఎకరాలకు పైగా భూమిని ఒకచోట కలిపి, తామే కంపెనీ పెట్టుకొని, తామే వాటాదారులై టౌన్‌షిప్ కట్టుకున్నారు. ఇళ్లు, ఆఫీసులు, బళ్లు అన్నీ ఉన్నాయి. భూమి ఇచ్చినవాడు వాచ్‌మన్‌గా మారకుండా యజమానిగానే మిగిలాడు.

మన డిమాండ్లు

ఒకటి, పట్టాలకు, స్టేషన్‌కు, డిపోకు ఎంత భూమి కావాలో, దుకాణాలు, అపార్ట్‌మెంట్లకు ఎంత కావాలో వేర్వేరుగా ప్రకటించాలి. మొదటిది ప్రజా అవసరం. రెండోది వ్యాపారం, దానికి బలవంతపు సేకరణ చెల్లదు.

రెండు, స్టేషన్ చుట్టూ కట్టే ప్రాజెక్టుల్లో భూమి ఇచ్చిన రైతులకు వాటాదారు హక్కు ఉండాలి. అభివృద్ధి పేరుతో 102వ సెక్షన్ తప్పించుకోకుండా, పెరిగిన విలువలో వాటాను ఒప్పందంలోనే రాయాలి.

మూడు, ప్రభుత్వ భూమి, సేకరించిన భూమి ఏదైనా అమ్మకూడదు. లీజుకే ఇవ్వాలి.

నాలుగు, కౌలుదారులు, కూలీలు, పశుపోషకుల జాబితాను గ్రామసభలో చదివి ఖరారు చేయాలి. స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో వాళ్లకు ఇళ్లు కట్టివ్వాలి.

ఐదు, ప్రతి శివారు స్టేషన్ దగ్గర రైతు బజారుకు స్థలం ఉంచాలి. ఎర్రగడ్డలో మెట్రో స్టేషనూ ఉంది, రైతు బజారూ ఉంది. అక్కడ కుదిరింది మన దగ్గర ఎందుకు కుదరదు?

ఇప్పుడు చేయాల్సింది

నోటిఫికేషన్ వచ్చాక మేల్కొంటే ఆలస్యమవుతుంది. లైను వెళ్లే గ్రామాల్లో మన కమిటీలు ఈ నెలలోనే కూర్చోవాలి. ఊరి సర్వే నంబర్లు, పట్టా, అసైన్డ్, కౌలు, బావులు, బోర్లు, చెట్లు, పశువులు ఒక రిజిస్టర్‌లో రాయాలి. గత మూడేళ్లలో ఊళ్లో జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు సమాచార హక్కు కింద అడగాలి. ఈ డిమాండ్లతో గ్రామసభ తీర్మానం చేసి కలెక్టర్‌కు అందజేసి రసీదు తీసుకోవాలి. బ్రోకర్ల అడ్వాన్సులకు ఆశపడి తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టొద్దని ఇంటింటికీ చెప్పాలి.

రైలు రావాలి. మన పిల్లలు అందులో ఎక్కాలి. కానీ ఆ రైలు కిటికీలోంచి చూస్తూ, అదిగో అది ఒకప్పుడు మా పొలం అని చెప్పుకునే గతి మాత్రం వాళ్లకు పట్టకూడదు. అది మా వాటా ఉన్న చోటు అని చెప్పుకోగలగాలి. అందుకు కొట్లాడదాం.