చీటీ లేని ట్యూబు

మా వీధిలో పాచిపని చేసే ఆవిడ ఓరోజు తన చేతులు చూపించింది. రోజూ ఏడిళ్ళ అంట్లు, సబ్బునీళ్ళు. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, రసి, రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వని దురద. అది ఎగ్జిమా. మందుల షాపులో "తామర" అని చెబితే అతను ఓ ట్యూబు చేతిలో పెట్టాడు. వారంలో దురద తగ్గింది. అంత మంచి మందు కదా అని ఇంటర్ చదివే కూతురు తెల్లబడడానికి మొహానికి రాసుకుంది. నాలుగు నెలలకి ఆ పిల్ల మొహమంతా ఎరుపు, మొటిమలు. మానేస్తే భరించలేని మంట, మంటకి మళ్ళీ అదే మందు!

ట్యూబు తీసుకుని చూశాను. కళ్ళజోడు పెట్టుకున్నా కనపడని ఇంగ్లీషు అక్షరాలు. అందులో ఉన్నది క్లోబెటసాల్. చర్మానికి వాడే స్టెరాయిడ్లలో అత్యంత బలమైనవాటిలో ఒకటి.

మన వాడుకలో ఎగ్జిమానీ తామర అంటాం, ఫంగస్ వల్ల వచ్చే గుండ్రటి మచ్చలనీ తామరే అంటాం. ఎగ్జిమాకి స్టెరాయిడ్ సరైన మందు. ఫంగస్‌కి రాస్తే పైకి తగ్గినట్టు కనిపిస్తూ లోపల్లోపల పాకుతుంది. తేడా చెప్పాల్సింది డాక్టరు, షాపతను కాదు.

ఇది చదివి స్టెరాయిడ్ అంటేనే భయపడి దురదతో బతకమని నా ఉద్దేశం కాదు. డాక్టరు చెప్పిన బలం, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు పలచగా రాస్తే అది సురక్షితమైన మందే. పెద్దవాళ్ళ చూపుడువేలి చివరి గీత నుంచి కొస దాకా పిండిన క్రీము సుమారు అర గ్రాము. రెండు అరచేతులంత చోటుకి చాలు. మొహం, చంకలు, గజ్జల్లో చర్మం పలచన, మందు ఎక్కువగా పీల్చుకుంటుంది. అక్కడ డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప వద్దు. నెలల తరబడి వాడినవాళ్ళు ఉన్నట్టుండి మానకుండా డాక్టరుకి చూపించుకోవాలి.

నా సంగతీ దాచను. తలలో ఎగ్జిమాకి రెండు వారాలకని రాసిచ్చిన లోషన్ని పాత చీటీతో రెండేళ్ళు కొన్నాను. చదువుకున్నదాన్నే. ఏ షాపులోనూ ఎవరూ అడగలేదు.

ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ పైపూతలు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు ఉంది, ఆ పిల్లకి ట్యూబూ దొరికింది. తనిఖీలు ఎందుకు జరగవు? ట్యూబు మీద 'మొహానికి రాయకూడదు' అని తెలుగులో పెద్ద అక్షరాలతో ఎందుకు ఉండదు? నల్లపిల్లకి పెళ్ళి కాదని బెదిరించే ఇళ్ళూ జవాబు చెప్పాలి.

ఇద్దర్నీ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. కూతురి మొహం కుదుటపడడానికి నెలలు పడుతుందన్నారు. తల్లికి ఈసారి కొలతతో మందు, రోజూ రాయడానికి పెట్రోలియం జెల్లీ, అంట్లు తోమేటప్పుడు లోపల నూలు, పైన రబ్బరు తొడుగులు వేసుకోమన్నారు. ఆ తొడుగులు కొనివ్వమని ఏడిళ్ళకీ వెళ్ళి అడిగాను. రెండిళ్ళవాళ్ళే కొన్నారు.