మీ నాయన పంచె వేషమాయెనా?

ధ్యానమునకు: మత్తయి 27:27–31, లూకా 23:11, 12, ఫిలిప్పీయులకు 2:5–8



లింగాల ప్రాంతపు పల్లెలలో చీనీ తోటలలోను అరటి తోటలలోను కూలి చేసి బిడ్డలను చదివించిన తలిదండ్రులు మన సంఘములలో అనేకులున్నారు. ఆ బిడ్డలలో కొందరు నేడు బెంగుళూరులోను హైదరాబాదులోను అద్దాల మేడలలో ఉద్యోగములు చేయుచున్నారు. దేవునికి స్తోత్రము. అయితే ఆ మేడలలో పనితో పాటు మరియొక ఆచారము నడుచుచున్నది. దానిని గూర్చి మీతో నాలుగు మాటలు చెప్పవలెనని ఇది వ్రాయుచున్నాను.

ఏడాదిలో కొన్ని దినములు ఉద్యోగులు వేషములు వేసికొని ఆఫీసుకు పోవుదురు. అక్టోబరు 31న దయ్యముల వేషములు. డిసెంబరులో ఎర్ర టోపీలు. కొన్ని చోట్ల "పల్లెటూరి దినము" అని ఒకటి. జట్టులోని వారు ఒకరితో ఒకరు కలిసిపోవుటకే ఇదంతయు అని చెప్పుదురు. దీనికి 'టీమ్ బాండింగ్' అని పేరు.

నేనెరిగిన ఒక తల్లి ఉన్నది. క్రిస్మసుకు ఇంటికి వచ్చిన కుమారుడు ఆమెకు ఫోనులో ఒక ఫోటో చూపించెను. అందులో అతడు మోకాళ్ల పైకి పంచె ఎగగట్టి, చిరిగిన బనీను తొడిగి, తలకు తుండుగుడ్డ చుట్టి, భుజమున పార పెట్టుకొని నిలిచియున్నాడు. చుట్టునున్నవారు కడుపులు పట్టుకొని నవ్వుచున్నారు. "మా ఆఫీసులో నాకే ఫస్టు ప్రైజు వచ్చిందిమా" అనెను. ఆ తల్లి చాలసేపు ఆ ఫోటోను చూచి, "అచ్చం మీ నాయన మాదిరే ఉండావు కదరా. దీంట్లో నవ్వేదానికి ఏముంది?" అని అడిగెను. కుమారుని యొద్ద జవాబు లేదు.

ప్రియులారా, ఆ తల్లి ప్రశ్నకు మనమే జవాబు చెప్పవలసియున్నది.

సంతోషమును నిషేధించుటకు నేను వ్రాయుటలేదు. మన ప్రభువు కానా ఊరి పెండ్లికి పోయెను. సుంకరుల యింట విందులో కూర్చుండెను. వేషము వేయుటయే పాపమనియు నేననను. మన ఊళ్లకు పగటివేషగాళ్లు వచ్చెడివారు. కూటి కొరకు కోటి విద్యలన్నట్లు అది వారి జీవనము, వారి విద్య. చూచువారు ఆ విద్యను మెచ్చుకొని గింజలో రూకలో ఇచ్చెడివారు. అందులో ఎవరికిని అవమానము లేదు. ఈ ఆఫీసు వేషములో ఉన్న చిక్కు వేరు.

మొదట ఈ ఆచారము ఎక్కడనుండి వచ్చెనో చూడుడి. అక్టోబరు 31 సర్వపరిశుద్ధుల పండుగకు ముందటి రాత్రి. 1517లో మార్టిన్ లూథరు తన తొంబదియైదు వాదములను లోకమునకు తెలిపిన దినము కూడ అదియే. ఐర్లండు, స్కాట్లండు దేశములనుండి వలసపోయినవారు ఆ రాత్రి ఆచారములను అమెరికాకు తీసికొనిపోయిరి. అక్కడ అది దయ్యముల వేషముల వేడుకయై పెరిగి, కంపెనీల వెంట మన నగరములకు వచ్చెను. పరిశుద్ధుల పేరు పోయి పుర్రె మిగిలెను.

జట్టు స్నేహమునకును ఒక చరిత్ర గలదు. 1924 మొదలు 1932 వరకు చికాగో యొద్దనున్న హాథార్న్ కర్మాగారములో పరిశోధనలు జరిగెను. దీపముల వెలుతురు మార్చి చూచిరి. విశ్రాంతి వేళలు మార్చి చూచిరి. ఇరువది వేలకు పైగా పనివారితో కూర్చుండి వారి మాటలు వినిరి. పనివారిని లక్ష్యపెట్టుట, వారి పరస్పర స్నేహము, పనికి ఎంతో బలమని ఎల్టన్ మేయో మొదలగువారు బోధించిరి. గమనించుడి, అందులో పనివాని మాట వినుట ఉండెను. నేడు అనేక చోట్ల మాట వినుట పోయి టోపీ పెట్టుట మిగిలినది. ఒక యౌవనస్థునికి తన కష్టము చెప్పుకొనుటకు పది నిమిషములు దొరకవు గాని, గంతులు వేయుటకు సాయంకాలమంతయు దొరకును.

ఇప్పుడు సువార్తను తెరువుడి. పని తోటివారందరు కూడి వేషము వేయించిన ఒక వేడుక అందులోను కలదు. అధిపతి మందిరములో సైనికులు తమ పటాలమునంతటిని పోగుచేసిరి. ఒక ఖైదీకి రాజు వేషము వేసిరి. ముండ్ల కిరీటము పెట్టి, చేతికి రెల్లు ఇచ్చి, మోకాళ్లూని నవ్విరి. ఆ గంటసేపు వారందరు ఎంత కలిసికట్టుగా ఉండిరో! హేరోదును ఆయనకు ప్రశస్తమైన వస్త్రము తొడిగించి పరిహసించి పిలాతు యొద్దకు పంపెను. అంతకు ముందు పగవారైన ఆ ఇద్దరు ఆ దినముననే మిత్రులైరని లూకా వ్రాయుచున్నాడు. మూడవవానిని వెక్కిరించి ఇద్దరు చేసికొను స్నేహము లోకములో బహు పురాతనమైనది. అది త్వరగా కుదురును, చవుకగా దొరకును. అయితే దాని ఖర్చు ఎవరు భరించిరి?

"పల్లెటూరి దినము"న ఆ ఖర్చు భరించువారు మీరే. మీ పంచె, మీ పార, గంప మోయుటకు మీ ఆడవారు నెత్తిన పెట్టుకొను చుట్టకుదురు, అక్కడ నవ్వుటకు వస్తువులాయెను. సాయంకాలమునకు వారు వేషము తీసి మూలను పడవేయుదురు. మీరు మరునాడు తెల్లవారకముందే అవే బట్టలు కట్టుకొని చేనికి పోవుదురు. పేదవానిని వెక్కిరించుట వానిని సృష్టించినవానిని నిందించుటయే అని సామెతల గ్రంథము 17వ అధ్యాయము హెచ్చరించుచున్నది. ఆ నవ్వు మీ దగ్గర ఆగదు, పైకి పోవును.

"అయ్యా, ఎవరును బలవంతము చేయరే, ఇష్టముంటేనే వేసికొందురు" అని ఒకరందురు. నిజముగా కాదనగలిగిన చోట అది నిజమే. గాని వేషము వేయనివానిని "కలుపుగోలుతనము లేనివాడు" అని పై అధికారి మనస్సులో వ్రాసికొనునేమో అను భయమున్న చోట ఇష్టమెక్కడిది? అహష్వేరోషు రాజు విందులో వష్తి రాణి రానన్నది. ఆమెకు కిరీటమే పోయినది. నెల జీతముమీద ఇంటి అప్పు తీర్చవలసిన పిల్లవాడు ఏమి చేయగలడు?

"మనమంతా ఒక కుటుంబము" అని ఆ వేడుకలలో చెప్పుదురు. 2022, 2023 సంవత్సరములలో లోకములోని పెద్ద పెద్ద సాఫ్ట్‌వేరు కంపెనీలు వేలకొలది ఉద్యోగులను తొలగించినప్పుడు, ఆ వార్త అనేకులకు ఒక ఇ-మెయిలు ద్వారా తెలిసినది. కంపెనీకి లాభనష్టములుండును, దానిని నేను తప్పుపట్టను. కాని ఏ తండ్రియు కుమారునికి అట్టి ఉత్తరము వ్రాయడు. జీతమిచ్చువాడు జీతము న్యాయముగా ఇచ్చిన చాలును. కుటుంబము పేరు దొంగిలింపనక్కరలేదు.

నిజమైన జట్టు ఎట్లుండునో మీకు తెలియును. శెనక్కాయ చెట్లు పీకు కాలమున ఒకరి చేనికి ఒకరు ముయ్యికి పోయినప్పుడు ఎవరును వేషము వేయలేదు. ఒకే ఎండలో వంగి, ఒకే కుండలోని నీళ్లు త్రాగి, సంగటి ముద్ద పంచుకొంటిరి. ఒకరి నడుము పట్టుకొన్నప్పుడు వాని సాలు ఇంకొకరు పీకిరి. ఒకరి భారము ఒకరు మోయుట క్రీస్తు నియమము అని పౌలు గలతీయులకు బోధించినది అదియే.

మన రక్షకుని చూడుడి. ఆయన దాసుని రూపము ధరించెను. గాని అది వేషము కాదు. ఆయన శరీరము కేవలము కనుపించినదే గాని నిజమైనది కాదని ఆదిలో కొందరు బోధించిరి. అంతియొకయకు చెందిన ఇగ్నాతి దానిని గట్టిగా ఖండించెను, సంఘము దానిని త్రోసివేసెను. ఎందుకనగా సాయంకాలమున తీసివేయు దేహముతో ఎవరును రక్షింపబడరు. ఆయన నిజముగా వడ్రంగి, నిజముగా అలసెను, నిజముగా చనిపోయెను. శిష్యుల పాదములు కడుగు రాత్రి ఆయన పైవస్త్రము తీసివేసి తువాలు కట్టుకొనెను. లోకము స్నేహము కొరకు వేషము తొడుగును. ప్రభువు స్నేహము కొరకు ఉన్న వస్త్రమును తీసెను.

ఇంతవరకు పట్నమువారిని గూర్చి చదివి తల ఊపితిరి గదా? ఇప్పుడు మన గుడికి వత్తము. క్రిస్మసు రాత్రి మన పిల్లలు గొల్లల వేషము వేయుదురు. మంచిదే, గొల్లలను ఆ కథ ఘనపరచుచున్నది. అయితే అదే రాత్రి మన యౌవనులు కుంటివాని నడక, నత్తివాని మాట అనుకరించి నవ్వింపగా, ముందు వరుసలో కూర్చుండి మనము చప్పట్లు కొట్టలేదా? ఆ కుంటివాడు వెనుక చాపమీద కూర్చుండలేదా? ఆఫీసువారికి సువార్త తెలియదని సాకు కలదు. మనకేమి సాకు కలదు?

కాబట్టి ఏ వేషమునకైనను మూడు ప్రశ్నలు వేయుడి. నవ్వు ఎవరి మీద పడుచున్నది? వేయనని చెప్పుటకు స్వేచ్ఛ ఉన్నదా? వేషము తీసిన తరువాత ఆ స్నేహము నిలుచునా?

తలిదండ్రులారా, బిడ్డలను ఉద్యోగము మానుమని చెప్పకుడి. దానియేలు బబులోను కొలువులోనే ఉండెను. అతడు కేకలు వేయలేదు. పది దినములు పరీక్షించి చూడుమని మర్యాదగా అడిగెను. మీ బిడ్డయు, "అయ్యా, విందుకు వత్తును, పని చేతును, అందరికి వడ్డింతును, ఈ వేషము మాత్రము వేయలేను, ఇది మా నాయన బట్ట" అని నెమ్మదిగా చెప్పవచ్చును. కుమార్తెలు గలవారికి మరియొక మాట. ఉద్యోగస్థలములో స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు చట్టము 2013లో వచ్చెను. పని నిమిత్తము పోయిన చోటు ఏదైనను దాని క్రింద ఉద్యోగస్థలమే. ఊరి వెలుపల కంపెనీ పెట్టిన వేడుకయు అందులో చేరును. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు చోట ఫిర్యాదులు విను కమిటీ ఉండవలెను. ఆ సంగతి మీ కుమార్తెకు తెలియజెప్పుడి.

ఆ తల్లిని గూర్చి చెప్పి ముగింతును. మరునాడు ఉదయమున కుమారుడు చెప్పకయే తండ్రి వెంట తోటకు పోయి, ఆ పారతోనే మధ్యాహ్నము వరకు పాదులు చేసెను. చేతులు బొబ్బలెక్కి ఇంటికి వచ్చెను. ఎవరును ఫోటో తీయలేదు. ఆ దినమున తండ్రియు కుమారుడును ఒక్క కంచములో తినిరి.

మన నిజ రూపమును ఎరిగియు మనలను త్రోసివేయని ప్రభువు, మన పిల్లలకు తమ తలిదండ్రులను గూర్చి సిగ్గుపడని హృదయమును, మనకు ఎవరిని చూచియు వెక్కిరింపని నోటిని దయచేయును గాక. ఆమేన్.