కొల్లేరు కాపలా మనదైతే, ఆదాయం ఎవరిది?



"కొల్లేరును కాపాడాలంటే స్థానికులకు ఉపాధి చూపాలి" అని ఇప్పుడు అందరూ అంటున్నారు. మంచి మాటే. నేను అడిగేది ఒక్కటే. ఉపాధి అంటే అటపాకలో పక్షులు చూడ్డానికి వచ్చినవాళ్ల పడవ తోసే కూలా? ఆ సరస్సు మీద హక్కూ, దాని ఆదాయంలో వాటానా?

ముందు చరిత్ర చూద్దాం. 1970ల్లో ప్రభుత్వం కొల్లేటి లంకల్లో వడ్డీలకు, దళితులకు సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు ఇచ్చింది. కాగితం మీద చెరువు మనదే. కానీ చేపపిల్లకు, మేతకు, ఐసుకు, లారీకి డబ్బు కావాలి. డబ్బున్నవాడి చేతికి ఆ చెరువులు లీజుల పేరుతో పోయాయి. సంఘం సభ్యుడు తన చెరువు గట్టు మీదే కాపలా కూలీ అయ్యాడు. బొచ్చె, శీలావతి లారీలెక్కి హౌరా పోయాయి.

1999లో +5 కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు పేల్చారు. అక్రమ గట్లు పోవాల్సిందే, నీరు ఉప్పుటేరు దాకా పారాల్సిందే. అయితే లీజుదారుడు పెట్టుబడిని ఇంకో ఊరికి తీసుకుపోగలడు. లంకలో కూలీ ఎక్కడికి పోతాడు?

2015లో అభయారణ్యాన్ని +3కి కుదించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇలాంటప్పుడల్లా ముందుకు తెచ్చేది పేదల పేరే. బయటపడే నేలలో మళ్లీ గట్లు వేయగలిగే డబ్బు ఏ పేదవాడి దగ్గరుంది?

ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళాజోడి అనే ఊరుంది. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మినవాళ్లే ఇప్పుడు అక్కడ పడవలు నడుపుతూ, పక్షుల్ని చూపిస్తూ బతుకుతున్నారు. పక్షి బతికుంటేనే తమ ఇంట్లో పొయ్యి వెలుగుతుందని తెలిశాక వాళ్లే కాపలాదారులయ్యారు. అటపాకకు వచ్చే పెలికాన్ల విషయంలో మనం ఆ పని ఎందుకు చేయలేం? పడవలు, ప్రవేశ రుసుము, గైడు పని లంక గ్రామాల సంఘాలకివ్వండి. సగం సభ్యత్వం ఆడవాళ్లకివ్వండి. లెక్కలు గ్రామసభలో చదవండి. ఆ హక్కును బయటివాళ్లకు లీజుకివ్వడం కుదరదని మొదటి షరతుగా రాయండి. లేకపోతే 1970ల కథే మళ్లీ నడుస్తుంది.

ఇది దయాభిక్ష కాదు. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకూ వర్తిస్తుంది. నీటివనరుల్లో చేపల మీద సామూహిక హక్కు అందులో రాసే ఉంది. గిరిజనేతరులు 2005 డిసెంబర్ 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉండి దాని మీదే బతికామని చూపాలి. తాటిదోనెల మీద, మావులు పెట్టి, వలకట్లు కట్టి బతికిన తరాలకు అది కొత్త కథేమీ కాదు, రాసిపెట్టినవాళ్లే లేరు. పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యంగా చెల్లుతుందని ఆ చట్టం నియమాలే చెబుతున్నాయి.

1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగింది దాహం తీర్చుకోడానికి కాదు, ఆ నీటి మీద మనకూ హక్కుందని చెప్పడానికి.

ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో లంకలకు వెళ్లండి. నోట్‌బుక్కు పట్టుకెళ్లండి. తాతలు ఎక్కడ వల వేశారో, చెరువు ఎవరి పేరున ఉండేదో, లీజు ఎవరికి పోయిందో రాయండి. గ్రామసభ ముందు పెట్టాల్సిన మొదటి కాగితం అదే.

జై భీమ్.