బనీనుతో గడప బయట

సినిమాలో హీరోకి తలుపొక అడ్డం కాదు. నాలుగడుగులు వెనక్కి వేసి భుజం ఒక్కసారి ఆనిస్తే చాలు, ఎంతటి టేకు తలుపైనా అప్పడంలా విరిగి అవతల పడుతుంది. లోపల కుర్చీకి కట్టేసి ఉన్న తల్లి "వచ్చావా బాబూ!" అంటుంది. ఇలాంటి తలుపుల గురించి ఈ పేజీలో ఏళ్ళ తరబడి రాస్తూ వచ్చిన నాకు, అసలు తలుపంటే ఏమిటో 2024 ఆషాఢంలో ఒకనాటి ఉదయం ఆరున్నరకి తెలిసింది. సెట్లో తలుపుని ప్లైవుడ్డుతో చేస్తారు. మా బిల్డరు అలా చెయ్యలేదు. భుజం నాలుగు రోజులు నొప్పి పెట్టింది.

జరిగింది చెబుతాను. నవ్వదల్చుకున్నవారు ఇప్పుడే నవ్వెయ్యండి, తర్వాత కుదరకపోవచ్చు.

మాది హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. మా ఆవిడ వాళ్ళ చెల్లెలింటికని రాజమండ్రి వెళ్ళింది. ఇంట్లో నేనూ, ఎనభై నాలుగేళ్ళ మా అమ్మా. కాఫీకని స్టవ్వు మీద పాలు పెట్టాను. పేపరు కుర్రాడు విసిరిన పేపరు మెట్ల దగ్గర పడి ఉంది. తెచ్చుకుందామని బయటికి నాలుగడుగులు వేశాను. లుంగీ, బనీను. వెనకనుంచి ఆషాఢపు గాలి ఒక్క తోపు తోసింది. ఠప్!

ఆ చప్పుడు వినగానే కడుపులో ఏదో జారినట్టయింది. తాళంచెవి లోపల. సెల్లు లోపల. కళ్ళజోడు లోపల. చేతిలో పేపరుంది, కళ్ళజోడు లేక అదీ చదవలేను.

అన్నట్టు, పాతకాలపు తాళం కప్ప ఎంత మర్యాదస్తురాలో అప్పుడు గుర్తొచ్చింది. మద్రాసులో వడపళని దగ్గర ఓ వాటాలో అద్దెకున్న రోజుల్లో మా తలుపుకి గొళ్ళెం, దానికో ఇత్తడి కప్ప ఉండేవి. ఆ కప్ప చెవి తిప్పితేగానీ పడేది కాదు. అంటే చెవి చేతిలో లేనివాడు దానికి తాళం వెయ్యలేడు, కనుక బయట చిక్కుకోనూ లేడు. ఇప్పటి తలుపులకున్న లాచ్ సంగతి వేరు. దాని నాలుక ఒకవైపు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, వెనక స్ప్రింగు. తలుపు పడేటప్పుడు నాలుక తనంతట తానే లోపలికి పోయి, మళ్ళీ బయటికొచ్చి చౌకట్టులో కూర్చుంటుంది. చెవి ఎక్కడుందని అడగదు. ఇల్లు ఎవరిదో కూడా అడగదు.

చార్లీ చాప్లిన్ 1916లో 'వన్ ఎ.ఎమ్.' అని రెండు రీళ్ళ సినిమా తీశాడు. బాగా తాగి అర్ధరాత్రి ఇంటికొస్తాడు. తాళంచెవి కనపడదు. కిటికీలోంచి లోపలికి దూరతాడు. దూరాక చెవి జేబులోనే దొరుకుతుంది. అప్పుడేం చేస్తాడనుకున్నారు? మళ్ళీ కిటికీలోంచి బయటికి దిగి, తాళం తీసుకుని, దర్జాగా గుమ్మంలోంచి లోపలికొస్తాడు. ఎన్నిసార్లు చూసినా నవ్వొచ్చే సీను. ఆ ఉదయం మాత్రం రాలేదు. ఆయనది నేల మీది కిటికీ, నాది మూడో అంతస్తు. పైగా లుంగీకి జేబుండదు.

ఇంకో సంగతి చూడండి. 'బాబీ' (1973) వచ్చినప్పుడు, ఇద్దరూ ఒక గదిలో చిక్కుకుని తాళంచెవి పోతే ఎలా ఉంటుందన్న పాటతో దేశమంతా ఊగిపోయింది. లోపల ఇద్దరుంటే అది ప్రణయం. బయట ఒక్కడే బనీనుతో ఉంటే దాని మీద ఏ కవీ పాట రాయలేదు సుమండీ!

మొదటి పని బెల్లు కొట్టడం. కొట్టాను. మళ్ళీ కొట్టాను. అమ్మ రాత్రి పడుకునేముందు చెవి మిషను తీసి డబ్బాలో పెట్టుకుంటుంది. అది లేకపోతే దీపావళి కూడా ఆమెకి మూకీ సినిమాయే. తలుపు బాదాను. భుజం ప్రయోగం ఈ దశలోనే జరిగింది. అంతా అయ్యాక అప్పుడు గుర్తొచ్చాయి పాలు.

పాలు పొంగితే మంట ఆరిపోతుంది. మంట ఆరినా గ్యాసు ఆగదు. అమ్మ లేచి అలవాటు ప్రకారం మంచం పక్కన లైటు స్విచ్చి వేస్తుంది.

ఇక్కడ ఓ పాత కథ చెప్పాలి. మా ఎదురు ఫ్లాటులో రిటైరైన సైన్సు మేష్టారుంటారు. మా రెండో తాళంచెవి పదకొండేళ్ళు వాళ్ళింట్లోనే ఉండేది. వాళ్ళావిడని మేం అక్కయ్యగారనేవాళ్ళం. మిగతావాటితో కలిసిపోకూడదని ఆవిడ మా చెవికి ఎర్రదారం కట్టి, దేవుడి పటం పక్కన మేకుకి తగిలించారు. నేను షూటింగు కబుర్ల కోసం ఊళ్ళు పట్టుకు తిరిగిన రోజుల్లో అమ్మకి కాఫీ కలిపి ఇచ్చిందీ, ఒకసారి జారిపడితే లేపి కూర్చోబెట్టిందీ ఆ చెవి పుణ్యమే. ఆవిడ 2022లో పోయారు. ఆ మరుసటేడు నవంబరులో నా స్కూటరు ఆయన కారుకి అడ్డంగా ఉందని మేష్టారొక మాటన్నారు. నేను నాలుగన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "మా తాళంచెవి మాకు ఇచ్చెయ్యండి" అని కూడా అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా లోపలికెళ్ళి, మేకునుంచి తీసి, ఎర్రదారంతో సహా నా చేతిలో పెట్టారు.

ఆ చెవి ఇప్పుడెక్కడుంది? మా హాల్లో గోడకి. నేను నిలబడిన చోటికి ఆరడుగుల దూరంలో, తలుపు అవతల.

ఆలీబాబా కథ మీకు తెలుసు. మన తెలుగులో విఠలాచార్య గారు రామారావు, జయలలితలతో 1970లో తీశారు కూడా. ఆ కథలో అన్నగారు కాశిం గుహలోకి వెళ్ళి, తలుపు తెరిచే మాట మరిచిపోయి చిక్కుకుంటాడు. వాడికి మాట గుర్తు రాలేదు. నాకు గుర్తుంది. "మేష్టారూ" అనాలి, అంతే. ఎనిమిది నెలలుగా లిఫ్టులో ఎదురైనా గోడ చూస్తూ నిలబడినవాణ్ణి, ఆ మాట గొంతు దాటి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబితే సిగ్గుచేటు. లోపల పాలు కాగుతూనే ఉన్నాయి.

అన్నాను.

ఆయన తలుపు తీశారు. నా అవతారం చూశారు. నేను రెండు ముక్కల్లో చెప్పి, ఖంగారులో మళ్ళీ మా బెల్లు మీద చెయ్యి వెయ్యబోయాను. ఆయన నా చెయ్యి లాగి పడేశారు. "బెల్లు కొట్టకండి! లోపల గ్యాసుంటే బెల్లు మెరుపు చాలు!" అప్పటికి నేను పది పన్నెండుసార్లు కొట్టి ఉంటాను. కాళ్ళలో వణుకు అప్పుడు మొదలైంది.

ఆయన వంగి తలుపు కింద సందులో వాసన చూశారు. వాసన చూస్తూనే పాఠం చెప్పారు. వంటగ్యాసుకి సొంత వాసన లేదట. లీకయితే తెలియడానికి మెర్కాప్టాన్ అని ఓ కంపు పదార్థం కలుపుతారట. గాలికన్నా బరువు గనక నేల పట్టుకుని ఉంటుందట. రిటైరైనా మేష్టారు మేష్టారే. "కొద్దిగా వస్తోంది. మీరు కిందికెళ్ళి మీటర్ల దగ్గర మీ ఫ్లాటు మెయిను ఆపండి. లోపల ఎవరు స్విచ్చి వేసినా ఏం కాదు అప్పుడు" అన్నారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి ప్రాణం ఒక మీటరు బోర్డు మీద ఆధారపడుతుందని నాకు తట్టనే లేదు. మూడంతస్తులు ఎలా దిగానో తెలియదు. లుంగీ ఊడిపోకుండా ఉండటం దైవకృప.

తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో పెద్ద ఖాకీరంగు కవరు. అందులోంచి ఎక్స్‌రే ఫిల్ము తీశారు. తలుపుకీ చౌకట్టుకీ మధ్య దాన్ని జొనిపి, ఏదో చేశారు. ఎలాగో రాయను. ఈ పత్రికని దొంగలు కూడా చదువుతారని మా సర్క్యులేషనువారు గర్వంగా చెబుతుంటారు. తాళంచెవి తిప్పి వేసిన తాళమైతే ఆ పప్పులు ఉడికేవి కావు, కేవలం లాచ్ పడింది గనక సరిపోయింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి 'టక్' మంది. జీవితమంతా ఫిల్మునే నమ్ముకుని బతికాను. ఫిల్ము నా కోసం ఒక తలుపు తెరవడం మాత్రం అదే మొదలు.

ఆయనే ముందు లోపలికి వెళ్ళారు. రెగ్యులేటరు కట్టి, కిటికీలన్నీ బార్లా తెరిచారు. పాలు పొంగి గట్టంతా పారాయి. మంట ఆరింది. గుప్పుమంటోంది వంటిల్లు. నేను అమ్మ గదిలోకి పరుగెత్తాను. మంచం మీద లేచి కూర్చుని ఉంది. చెయ్యి స్విచ్చి మీదే ఉంది.

"ఏరా, కరెంటు పోయిందా? కాఫీ అయిందా?" అంది.

హాల్లోకి వచ్చేసరికి మేష్టారు ఎక్స్‌రే ఫిల్ముని బనీను అంచుతో తుడుస్తున్నారు. ఒక మూల బాగా వంగి తెల్లగా గీత పడింది. కిటికీ వెలుతురుకి దాని అంచున తెల్ల అక్షరాలు కనిపించాయి. కళ్ళజోడు అప్పుడే పెట్టుకున్నాను, అందువల్ల చదవగలిగాను. అక్కయ్యగారి పేరు, వయసు, 2022. ఆయన దాన్ని మెల్లగా కవరులోకి జార్చి, చంకలో పెట్టుకుని, "పాలు మా ఇంట్లో ఉన్నాయి, అమ్మగారికి కాఫీ పంపిస్తాను" అని వెళ్ళిపోయారు. ఆయనకి కాఫీ కలపడం రాదని మా అపార్ట్‌మెంటంతా ఎరుగుదురు. వచ్చిన కాఫీలో పంచదార లేదు. అమ్మ బాగుందంది.

సాయంత్రం చొక్కా వేసుకుని, ఎర్రదారం చెవి పట్టుకుని ఎదురు గుమ్మంలో నిలబడ్డాను. చెప్పదలచుకున్నది దారిలో రెండుసార్లు వల్లించుకున్నాను. దారంటే ఎంత, ఆరడుగులు. తీరా ఆయన తలుపు తీశాక ఒక్క ముక్కా రాలేదు. చెవి చాచాను. ఆయన దాన్నీ నన్నూ చూసి, లోపలికెళ్ళి దేవుడి పటం పక్కన మేకుకి తగిలించారు. ఎనిమిది నెలలైనా ఆ మేకు పీకలేదు, మరేదీ తగిలించనూ లేదు.

"సరేగానీ, ఆ స్కూటరు తియ్యండి ముందు" అన్నారు.

తీశాను.