రీస్టార్ట్ చేస్తే బాగుపడే కంప్యూటర్
గుడిబండ లాంటి పల్లె మండలంలో బడి కంప్యూటర్ ఏ ఒక్కరిదీ కాదు, పీరియడ్ పీరియడ్‌కీ చేతులు మారుతుంది. అలాంటి వాటి కోసమే మైక్రోసాఫ్ట్ 2005లో షేర్డ్ కంప్యూటర్ టూల్‌కిట్‌ను, 2007లో స్టెడీస్టేట్‌ను ఉచితంగా ఇచ్చింది. వాటిలో డిస్క్ ప్రొటెక్షన్ ఆన్ చేసి ఉంచితే చాలు, పిల్లలు ఏం చెరిపినా, పెన్‌డ్రైవ్ నుంచి ఏ వైరస్ దిగినా, రీస్టార్ట్‌తో విండోస్ మళ్లీ యథాస్థితికొచ్చేది. ఎక్స్‌పీ, విస్టాల తర్వాత విండోస్ 7కు స్టెడీస్టేట్ రాలేదు. 2011లో సపోర్టూ ఆగిపోయింది. 2016లో విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చిన షేర్డ్ పీసీ మోడ్ వాడినవాళ్ల ఖాతాలను తొలగిస్తుంది గానీ డిస్కును వెనక్కి తిప్పదు. ఆ పని చేసే రైట్ ఫిల్టర్ ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ లాంటి ఎడిషన్లకే పరిమితం. టెక్నీషియన్ అందుబాటులో లేని పల్లె బడికి అన్నిటికన్నా అవసరమైన ఈ సదుపాయమే వెర్షన్ల మార్పులో జారిపోవడం నాకు మింగుడుపడదు. బడులకు కంప్యూటర్లు కొనే టెండర్లలో ర్యామ్, ప్రాసెసర్‌లతో పాటు దీన్నీ షరతుగా రాయాలి.