పడవ బోల్తా కొట్టడం ఎవరు నేర్పుతారు?

మాది దివిసీమ. అవనిగడ్డ నుంచి నాగాయలంక వెళ్ళే దారిలో ఓ చిన్న ఊరు. ఇంటి వెనక పంట కాలవ, కాస్త ముందుకెళ్తే కృష్ణ, ఇంకాస్త వెళ్తే సముద్రం. హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే మా రూమ్మేట్ "అయితే నువ్వు చేపలా ఈదుతావన్నమాట" అన్నాడు. నాకు ఈత రాదంటే నమ్మలేదు. నిజంగానే రాదు. మా అన్నయ్యకీ రాదు, మా నాన్నకీ రాదు.

ఎందుకు రాదో మా ఇంట్లో అందరికీ తెలుసు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా మామ్మ తన చెల్లెల్ని, ఆ చెల్లెలి ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది. ప్రభుత్వ లెక్కల్లోనే ఆ రాత్రి పోయినవాళ్ళు పదివేల పైచిలుకు. సొర్లగొంది లాంటి ఊళ్ళ పేర్లు మా ఇంట్లో ఇప్పటికీ గొంతు తగ్గించి పలుకుతారు. అప్పటికి ఏడాది పిల్లాడైన మా నాన్నని మామ్మ ఆ తర్వాత ఎప్పుడూ కాలవలో దిగనివ్వలేదు. మా నాన్న మమ్మల్ని దిగనివ్వలేదు. మూడు వైపులా నీళ్ళున్న చోట పుట్టి, నీళ్ళంటే తాగడానికి, వరి తడపడానికి, రొయ్యలు పెంచడానికి తప్ప ఇంకెందుకూ కాదన్నట్టు పెరిగాం.

పోయిన ఎండాకాలం ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాద్ వెళ్ళా. జూన్‌లో ఓ ఆదివారం ఏం తోచక నెక్లెస్ రోడ్డు మీద నడుస్తుంటే, హుస్సేన్‌సాగర్‌లో తెల్లటి తెరచాపలు కనిపించాయి. ఏడెనిమిది చిన్న పడవలు. ఒక్కో పడవలో ఒక్కరే, పదేళ్ళో పన్నెండేళ్ళో ఉన్న పిల్లలు. అందరికీ లైఫ్ జాకెట్లు. పక్కనే మోటారు బోటులో కోచ్.

ఆయన విజిల్ వేయగానే ఓ పాప తన పడవని కావాలని పక్కకి వాల్చేసింది. తెరచాప నీళ్ళలో పడింది, పడవ తిరగబడింది, పాప నీళ్ళలో! నా గుండె ఆగినంత పనైంది. చుట్టూ చూస్తే ఎవరూ కంగారు పడట్లేదు. ఆ పాప ఈదుకుంటూ పడవ చుట్టూ తిరిగెళ్ళి, అడుగు నుంచి పొడుచుకొచ్చిన పలక పట్టుకుని, దాని మీదికెక్కి వెనక్కి వాలింది. పడవ మెల్లగా లేచి నిలబడింది. లోపలికెక్కి డబ్బాతో నీళ్ళు తోడిపోసి, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయింది. మొత్తం మూడు నిమిషాలు పట్టిందేమో.

ఒడ్డున నిలబడ్డ ఒకాయన్ని అడిగా, ఏంటండీ ఇది అని. "ఇదే మొదటి పాఠం బాబూ. ముందు పడేయడం, లేపడం. అది వచ్చాకే నడపడం" అన్నాడు.

మన దగ్గర పడవ బోల్తా అంటే పేపర్లో మొదటి పేజీ హెడ్డింగు. 2017 నవంబర్లో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో, 2019 సెప్టెంబర్లో కచ్చులూరు దగ్గర గోదావరిలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. మనం వణికిపోయే మాట ఆ పాపకి ఆదివారం పొద్దున హోంవర్కు. ఆ తేడా నన్ను ఇంటర్న్‌షిప్ అయ్యేదాకా వదల్లేదు. అప్పట్నించీ ప్రతి ఆదివారం ఆ చెరువు గట్టునే ఉన్నా. అందుకే ఈ వ్యాసం. నేను అడిగేది ఒకటే: మన డెల్టాలో కూడా పిల్లలకి వారాంతాల్లో తెరచాప పందేలు నేర్పే చిన్న క్లబ్బు ఒకటి ఉండాలి. దాన్ని మొదలుపెట్టే పనిలో మన కాలేజీ కూడా ఒక చెయ్యి వెయ్యాలి.

ముందు ఆట సంగతి చెప్తా. దూరం నుంచి చూస్తే పడవలు ఊరికే తిరుగుతున్నట్టుంటుంది. కానీ ప్రతిదానికీ లెక్క ఉంది. పందెం మొదలవడానికి 5 నిమిషాల ముందు ఒక జెండా ఎగురుతుంది, 4 నిమిషాల ముందు ఇంకోటి. ఒక నిమిషం ఉందనగా ఆ రెండోది దిగిపోతుంది. ఈలోగా పడవలన్నీ గీత వెనకాలే చక్కర్లు కొడుతూ ఉండాలి, ఎందుకంటే పడవకి బ్రేకుల్లేవు. సరిగ్గా సున్నా దగ్గర గీత దాటినవాడు మొనగాడు. ముందే దాటితే వెనక్కి రావాల్సిందే.

అక్కడ్నించి గాలికి ఎదురుగా ఉన్న బోయా దాకా వెళ్ళాలి. గాలికి సూటిగా ఎదురెళ్ళడం ఏ తెరచాప పడవకీ కుదరదు. కాబట్టి సుమారు 45 డిగ్రీల కోణంలో కాసేపు ఇటు, కాసేపు అటు, వంకరటింకరగా కోసుకుంటూ వెళ్తారు. మెకానికల్ వాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. తెరచాప అంటే నిలబెట్టిన విమానం రెక్క. గాలి దాని మీదుగా పోతుంటే పుట్టే బలం పడవని పక్కకీ ముందుకీ కూడా నెడుతుంది. ఇందాక పాప ఎక్కి నిలబడిన ఆ పలక పక్కకి పోకుండా ఆపుతుంది. మిగిలేది ముందుకే. వెక్టర్లు బోర్డు మీద వేసి చూపించినప్పుడు నిద్రపోయిన నాకు, చెరువు గట్టున నిలబడితే అర్థమయ్యాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి. రెండు పడవలు ఎదురుపడితే, కుడిపక్క నుంచి గాలి పట్టినవాడికి దారివ్వాలి. ఇవ్వకపోతే తప్పు. మామూలుగా ప్రతి పడవ పక్కనా ఈల పట్టుకున్న రిఫరీ ఉండడు. తప్పు చేసినవాడే పక్కకెళ్ళి, పడవని రెండు చుట్లు తిప్పి, శిక్ష తనే వేసుకుని మళ్ళీ పందెంలోకి రావాలి. ఓ పిల్లాడు రెండో స్థానంలో ఉండి కూడా అలా రెండు చుట్లు తిరిగి ఆరో స్థానానికి పడిపోవడం నేను చూశా. మన మిడ్ ఎగ్జామ్స్‌లో ఇన్విజిలేటర్ అటు తిరగ్గానే ఏం జరుగుతుందో మనకి తెలుసు కదా. ఈ ఒక్క అలవాటు కోసమైనా ఈ ఆట నేర్పొచ్చు.

ఇప్పుడు అభ్యంతరాలు. హాస్టల్లో ఈ మాటెత్తినప్పుడల్లా మూడు వినిపిస్తాయి.

ఒకటి, ఇది డబ్బున్నోళ్ళ ఆట కదరా అని. నేనూ అలాగే అనుకున్నా. పిల్లలు నడిపే ఆ చిన్న పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలో ఫ్లోరిడాకి చెందిన క్లార్క్ మిల్స్ దాన్ని గీశాడు. మామూలు ఇళ్ళ పిల్లలకి చవగ్గా ఉండాలి, రెండు ప్లైవుడ్ షీట్లలో అయిపోవాలి, ఖర్చు 50 డాలర్లు దాటకూడదు, ఇదీ ఆయనకిచ్చిన లెక్క. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ఇద్దరు పిల్లలు మోసుకెళ్ళొచ్చు. పోటీలకి వాడే కొత్త ఫైబర్ పడవ ఇప్పుడు లక్షల మాటే, ఒప్పుకుంటా. కానీ నేర్చుకోడానికి ప్లైవుడ్ పడవ చాలు. హైదరాబాద్‌లోనే చూడండి. సుహేమ్ షేక్ మొదలుపెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదిళ్ళ పిల్లల్ని తీసుకుని నేర్పుతోంది. అక్కడ నేర్చుకున్న కొంగర ప్రీతి, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశం తరఫున తెరచాప పట్టింది. అవే క్రీడల్లో వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లో ఓ రైతు కూతురు. భోపాల్ పెద్ద చెరువులో నేర్చుకుంది. మధ్యప్రదేశ్‌కి సముద్రమే లేదు. మనకి దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది.

రెండోది మా ఊరి ఫ్రెండు అన్నమాట. వాళ్ళ నాన్న వేటకెళ్తాడు. "రోజూ పొట్టకూటికి పడవెక్కేవాళ్ళకి మళ్ళీ పడవాటేంట్రా? ఇంజిన్ వచ్చాకే కదా మేం గాలిని బతిమాలుకోవడం మానేసింది" అన్నాడు. ఆ మాట నన్ను కాసేపు నోరెత్తనివ్వలేదు. వాడన్నది నిజం. తెరచాప రోజులు బంగారు రోజులని నేను అనట్లేదు. వేటకి ఇంజినే ఉండాలి. కానీ పొలం దున్నేది ట్రాక్టరే అయినా సంక్రాంతికి ఎడ్ల పందేలు పెట్టుకుంటున్నాం కదా. పనిలోంచి పోయినదాన్ని ఆటలో దాచుకోవడం మనకి కొత్తేం కాదు. పైగా నీళ్ళ సంగతి పుట్టుకతో తెలిసిన వాడి తమ్ముడి ముందు, హైదరాబాద్ పిల్లలు ఏ మాత్రం నిలబడతారో నాకు చూడాలనుంది.

మూడోది మా అమ్మ మాట. "పిల్లలకేమన్నా అయితే ఎవడు పూచీ?" దీనికి నా దగ్గర తెలివైన జవాబు లేదు. హుస్సేన్‌సాగర్‌లో చూసిన పద్ధతులు మాత్రం చెప్పగలను. ఈత రానివాడిని పడవెక్కించరు. జాకెట్ లేకుండా ఒడ్డు దాటనివ్వరు. మోటారు బోటు నీళ్ళ మీద లేకపోతే ఆ రోజు ఆట లేదు. గాలి ముదిరితే జెండా ఎగరేసి అందర్నీ వెనక్కి పిలుస్తారు. మన దగ్గర ఇంకో నియమం కూడా పెట్టుకోవాలి: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్ల కాలంలో, పడవలు షెడ్డులోనే. ఏటిమొగ నుంచి ఎదురుమొండికి రోజూ జనం రేవు దాటుతూనే ఉన్నారు. వాళ్ళలో ఎంతమందికి ఈతొచ్చో, ఎంతమంది జాకెట్ వేసుకుంటారో ఒకసారి ఆలోచించండి. నీళ్ళకి దూరంగా ఉంచితే మనం క్షేమంగా ఉన్నట్టు కాదని నాకిప్పుడు అనిపిస్తోంది.

నిజానికి మనకిది పరాయి విద్య కూడా కాదు. 1611లో ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ ఓడ బందరొచ్చేటప్పటికే మన రేవు నుంచి కలంకారీ బట్టలు పర్షియా దాకా వెళ్తున్నాయి. అన్నీ తెరచాపల మీదే, ఏ నెల ఏ గాలి వీస్తుందో చూసుకునే. 1864 ఉప్పెన ముప్పై వేలమందిని మింగి బందరు నడ్డి విరిచింది. ఓడల సంగతి పోనీ, కృష్ణ ఆనకట్ట కట్టాక తవ్విన కాలవల్లో ధాన్యం బస్తాలు పడవల మీదే కదా పోయేవి. పడవలు దాటడానికి కట్టిన లాకులు ఇప్పటికీ మన ఊళ్ళలో బస్‌స్టాప్ పేర్లుగా మిగిలాయి.

మా తాతయ్య కుర్రతనంలో నాలుగైదేళ్ళు అలాంటి ధాన్యం పడవ మీద పనిచేశాడు. ఆ సంగతి నాకు తెలుసు కానీ ఎప్పుడూ అడగలేదు. ఉప్పెన తర్వాత ఆయనా ఆ మాటెత్తలేదట. ఇంటర్న్‌షిప్ అయిపోయి ఇంటికెళ్ళినప్పుడు, ఫోన్లో తీసిన పందెం వీడియో ఆయనకి చూపించా. ఎనభై ఏళ్ళ మనిషి, కళ్ళద్దాలు పైకి నెట్టి, ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ వెనక పిల్ల గెలుస్తది" అన్నాడు.

"అదేంటి తాతయ్యా, అది నాలుగోది కదా!"

"నీళ్ళు చూడరా, తెర కాదు. కుడేపు నీళ్ళు నల్లబడతన్నయ్, గాలొస్తంది. ఆ పిల్ల అటే పోతంది."

వీడియో అయిపోయేసరికి ఆ పిల్ల రెండోది. గెలవలేదు కానీ ఇద్దర్ని దాటింది. నేను నెలన్నర గట్టు మీద నిలబడి చూడలేనిది ఆయన అరచేతిలో బొమ్మ చూసి చెప్పేశాడు. తర్వాత అడక్కుండానే చెప్పుకుపోయాడు. కాలవలో ఎదురుగాలొస్తే తెర దింపేసి, గట్టెక్కి, తాడు భుజానేసుకుని పడవని లాగేవాళ్ళమని. ఏట్లో అయితే అడ్డంగా కోసుకుంటూ పోయేవాళ్ళమని. మామ్మ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. లోపలికెళ్ళిపోలేదు, వద్దనలేదు.

ఇంతకీ నేననేది ఇది. నాగాయలంకలో కయాకింగ్ నేర్చుకునే పిల్లలు ఇప్పటికే ఉన్నారు. అంటే తెడ్డు ఉంది, తెరచాప ఒక్కటే లేదు. ఎండాకాలం సాయంత్రాలు మనకి దక్షిణపు గాలి ఉండనే ఉంది. మన కాలేజీలో వర్క్‌షాప్ ఉంది, ఏటా ఎవరూ తిరిగి చూడని మినీ ప్రాజెక్టులు ఉన్నాయి. ఈసారి ఒక బ్యాచ్ ఆ రెండు ప్లైవుడ్ షీట్ల పడవ చెయ్యండి. ఆప్టిమిస్ట్ కొలతలు దొరకనివేం కాదు. సివిల్ వాళ్ళు, మెకానికల్ వాళ్ళు కొట్టుకోకుండా కలిసి చేస్తే ఒక సెమిస్టర్ పని. పడవ తయారయ్యాక, నేర్పడానికి హైదరాబాద్ నుంచి ఎవర్నైనా ఒక్క వారం పిలుద్దాం. గాలి గురించి చెప్పడానికి మా తాతయ్య లాంటివాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు. ఎంతో కాలం ఉండరు, అదీ తొందర.

నా వంతు నేను మొదలుపెట్టా. సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడల్లా పొద్దున్నే ఈత నేర్చుకుంటున్నా. నేర్పేది నాకు 'పడవాటేంట్రా' అన్న ఆ ఫ్రెండే. ఇప్పటికి పది బారలు ఈదగలను. మామ్మ గట్టు మీద కుర్చీ వేసుకుని, నేను పైకొచ్చేదాకా కదలకుండా కూర్చుంటుంది. మొన్న మాత్రం "అవతల గట్టు దాకా ఎప్పుడెళ్తావురా?" అని అడిగింది.

పడవ ప్రాజెక్టులో చేరాలనుకునేవాళ్ళు క్లబ్బు మీటింగ్‌లో కలవండి. ఈత రాకపోయినా ఫర్లేదు, అది ముందు నేర్చుకుందాం.